జోగిపేట పద్దు

(ఉస్మాన్‌గంజ్‌లో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో ఆయన పేరు ఆహ్వాన పత్రంలో లేదు. ప్రెస్సువాళ్ల తప్పేం కాదు. "పేరెందుకురా, గుమాస్తా అని రాయండి, గంజిల అందరికీ తెలుస్తది" అని ఆయనే కొడుకులతో అన్నాడట. ఆ మాట నేనూ దాటను. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని తాత అనేవాళ్లు, నాకూ తాతే. పోలీసు చర్య అయిన కొత్తలో, ఇంకా మీసం రాని వయసులో జోగిపేట నుంచి వచ్చి ఇక్కడి ఒక అడ్తి దుకాణంలో చేరాడు. నలభై ఏళ్లకు పైగా పద్దులు రాశాడు. కళ్లు మసకబారాక కూడా రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. లారీలోంచి దిగుతున్న బస్తా మీది కుట్టు చూసి అది ఏ వైపు సరుకో చెప్పేసేవాడు.

నాకిచ్చిన విషయం మా ఊరి చరిత్ర. జోగిపేట గురించి చెప్పడానికి ఉస్మాన్‌గంజ్ దాకా రావాలా అని మా ఊళ్లోనే ఒకరిద్దరు అడిగారు. రావాలనే అన్నాను. మా ఊరి చరిత్రలో మూడు రోజుల ముచ్చట పుస్తకాల్లో అచ్చయింది. మిగతా రోజుల ముచ్చట ఇక్కడి దుకాణాల అటకల మీద, ఎర్రగుడ్డ అట్టల మధ్య ఉంది.

ముందు ఈ చోటు గురించి నాలుగు మాటలు. గంజ్ అని రాస్తాం, గంజి అని పలుకుతాం. తాగే గంజికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది పారసీ మాట, రాశి పోసిన చోటు, నిధి, కొట్టు అని అర్థం. కానీ పల్లె నుంచి వచ్చినవాడికి ఈ గంజి వల్లే ఆ గంజి దొరికింది కాబట్టి, రెండూ ఒకటేనని మా నాయనమ్మ గట్టిగా నమ్మేది. నేనెప్పుడూ దిద్దలేదు.

ఇక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే ముగ్గురు నిజాములు ఎదురవుతారు. అఫ్జల్‌గంజ్ ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు, మహబూబ్‌గంజ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు, మనం కూర్చున్నది ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీది గంజి. తండ్రి, కొడుకు, మనుమడు, ముగ్గురూ ధాన్యం బస్తాల మీద పేర్లు రాయించుకున్నారు. కోటల మీద, మహళ్ల మీద రాసుకున్న పేర్ల కంటే ఇవే జనం నోట ఎక్కువ నిలిచాయి. మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్నా మనం దీన్ని పాతబస్తీ లెక్కలోనే వేస్తాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ ఒడ్డును ఊడ్చేసింది. ఆ దెబ్బ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టి రోడ్లు వెడల్పు చేశారు, నదికి గోడలు కట్టారు. ఇవాళ లారీ తిరగడానికి చోటు లేదని తిట్టుకునే ఈ రోడ్లు ఒకప్పుడు వెడల్పు చేసినవే. ఇది చెబితే లారీ డ్రైవర్లు నమ్మరు.

ఇక బాటకు ఆ చివర. హైదరాబాదుకు సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలో, వాయవ్య దిక్కున, మంజీరకు దగ్గరగా మా పేట. మెదక్ సీమలో పేటలకు కొదవ లేదు. రామాయంపేట, సదాశివపేట, పాపన్నపేట, శంకరంపేట, సిద్దిపేట, జోగిపేట. ఊరి చివర పేట అని ఉందంటే అక్కడ ఎవరో దుకాణాలు పెట్టించారని, సంత కట్టించారని అర్థం. పాలించిన ఊరు ఒకటుంటుంది, అమ్మిన ఊరు దాని పక్కన ఉంటుంది. మా దగ్గర పాలించిన ఊరు అందోల్. పెద్ద చెరువు దానిది, కోట జ్ఞాపకం దానిది, శాసనసభ నియోజకవర్గం పేరు కూడా దానిదే. అమ్మిన ఊరు జోగిపేట. పద్దెనిమిదో శతాబ్దంలో ఏలిన రాణి శంకరమ్మ పేరు అందోల్‌తో కలిపి చెబుతారు. ఆ సంస్థానానికి తర్వాత పాపన్నపేట పేరు స్థిరపడింది. సదాశివపేట ఆమె దత్తపుత్రుడి పేరు మీద వెలిసిందని మా వైపు పెద్దలు చెప్పుకుంటారు. రాణులూ దొరలూ కోట కట్టాక మొదట చేసిన పని ఒక పేట వేయడం. పన్ను ధాన్యంగా వస్తే సరిపోదు, దాన్ని రూపాయిగా మార్చేవాడు కావాలి. ఆ మార్చేవాడు కూర్చున్న చోటే పేట.

మా పేటకు జోగినాథుడి గుడి ఉంది, రథోత్సవం ఉంది. నడిబొడ్డున గడియారం బురుజు ఉంది. ఇప్పుడు క్లాక్ టవర్ అంటున్నారు, ఆటోవాళ్లకు అదే గుర్తు. రైలు రాలేదు, ఇప్పటికీ లేదు. అందుకే మా పేటకు గంజి అంత ముఖ్యమైంది. రైలున్న ఊళ్ల సరుకు ఎటైనా పోగలదు. మా సరుకుకు సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా పట్నం బాట ఒక్కటే. మా సొంత తాత, గుమాస్తా తాత కాదు, ఎడ్లబండి మీద వచ్చేవాడు. పొద్దుగూకాక కదిలి, ఎండ ముదిరేసరికి చెట్టు కింద ఆపి, మళ్లీ కదిలి, మూడో రోజు పట్నం చేరేవాడు. కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం కట్టి రసీదు తలపాగలో దోపుకునేవాడు. ఆ రసీదు పోతే బండి పోయినట్టే. అందుకే స్నానానికి కూడా తలపాగ విప్పేవాడు కాదని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఇప్పుడు ఆ మూడు రోజుల సంగతికి వస్తాను. 1930 మార్చి 3, 4, 5 తేదీలు. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జోగిపేటలో జరిగింది. అధ్యక్షుడు గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి, అప్పటికి ఆయనకు ముప్పై నాలుగు కూడా నిండలేదు. అక్కడే మహిళా సభ కూడా జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. మా ఊరి బడిపిల్లవాడికి ఇది కంఠతా వచ్చు. ఎందుకు జోగిపేటలో జరిగిందో మాత్రం ఏ బడిలోనూ నాకెవరూ చెప్పలేదు.

ఆ సభకు బీజం పడింది ఇక్కడికి దగ్గర్లోనే. జాంబాగ్ వైపు నడిస్తే వివేకవర్ధిని వస్తుంది. 1921 నవంబరులో అక్కడ సంఘ సంస్కరణ సభ జరిగింది, మహర్షి కార్వే అధ్యక్షత. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టారు. తెలుగువాళ్లు ఎక్కువమంది ఉన్న రాజ్యం రాజధానిలో తెలుగుకు పట్టిన గతి అది. ఆ అవమానంతో బయటికొచ్చిన కొద్దిమంది ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దాని వెన్నెముక అయ్యారు. 1923లో హనుమకొండ, ఆ మరుసటేడు నల్లగొండ, ఆపైన మధిర, సూర్యాపేట. సంఘం తాలూకా ఊళ్లు తిరిగింది. సంఘం మహాసభగా మారిన చోటు జోగిపేట. తర్వాత దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్, నిజామాబాదు. హైదరాబాదు వంతు 1943లో గానీ రాలేదు, అది పదో సభ. పట్నంలో అవమానపడ్డవాళ్లు పేటలు తిరిగి బలం కూడగట్టుకుని పట్నానికి వచ్చారన్నమాట.

అప్పుడు గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అమల్లో ఉంది. సర్కారు అనుమతి లేకుండా సభ పెట్టుకోవడానికి లేదు. అనుమతి తెచ్చుకున్నా వచ్చిన వందలమందికి అన్నం ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పడుకోబెట్టాలి, బండ్లు ఎక్కడ విప్పాలి? పల్లెలో కుదరదు, అక్కడ దొర గడీ ఉంటుంది. పట్నంలో కొత్వాలు ఉంటాడు. సత్రం, కిరాణం, బియ్యం కొట్టు, బావి, బండ్లకు బయలు, దొర మాటకు మరీ అంత లొంగని నాలుగు దుకాణాలు, ఇన్నీ ఒక్కచోట ఉండేది పేటలోనే. ఇది నా లెక్క, ఏ పుస్తకంలోనూ ఈ మాటగా లేదు. దీనికి ఒక ఆధారం మాత్రం చూపిస్తాను. ఆంధ్ర జనసంఘం మొదట్లో వేసిన చిన్న పుస్తకాల్లో ఒకటి 'వర్తక స్వాతంత్ర్యము', ఇంకొకటి 'వెట్టిచాకిరి'. దౌరాకు వచ్చిన అధికారులు దుకాణంలో సరుకు తీసుకుని తాము చెప్పిన ధర పారేసి పోయేవాళ్లు, ఒక్కోసారి అదీ లేదు. దుకాణదారుకు హక్కుందని చెప్పిన పుస్తకం అది. కూలివాడికీ, కుమ్మరికీ, మాలమాదిగలకూ వెట్టి చెల్లదని చెప్పింది రెండోది. తెలుగు భాష కోసం పుట్టిన సంఘం మొదట త్రాసు పట్టుకున్నవాడి దగ్గరికీ, మూట మోసినవాడి దగ్గరికీ పోయింది. పేటలు దానికి తలుపు తీశాయి.

ఒక చిన్న వెలితి. మా ఊళ్లో ఆ సభ పేరు చెప్పగానే అందరూ ప్రతాపరెడ్డి గారి ఫొటోకు దండ వేస్తారు, మంచిదే. సుందరమ్మ గారి ఫొటో మాత్రం ఏ వేదిక మీదా నేను చూడలేదు. తొంభై ఏళ్లు దాటినా దండలో సగం బాకీ అట్లాగే ఉంది.

అదే 1930లో ఇంకొకటి జరిగింది. హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. రైతు సరుకు జోకుడు ఎట్లుండాలి, ఎవరెంత కోసుకోవాలి అన్నదానికి రాజ్యం మొదటిసారి రాతపూర్వకంగా ఒక పద్ధతి పెట్టింది. సభకు ఏటా దండలు పడుతున్నాయి, ఈ చట్టాన్ని తలుచుకున్నవాడు లేడు. మా ఊరి రైతు బతుకులో ఏది ఎక్కువ పనిచేసిందని అడిగితే నేను వెంటనే జవాబు చెప్పలేను.

ఇక గుమాస్తా తాత పుస్తకం గురించి చెప్పాలి. నేను కాలేజీలో ఉండగా ఒకరోజు ఆయన అటక మీంచి ఒక బహీ దించి నా ఒళ్లో పెట్టాడు. మూరెడు పొడుగు, బెత్తెడు వెడల్పు, ఎర్రగుడ్డ అట్ట, మధ్యలో దారంతో కట్టు. దులిపితే మిరపకాయ ఘాటు వచ్చి ఇద్దరం తుమ్మాం. కాగితం మడతే గీత, గీసిన గీతలు లేవు. ఎడమ జమ, కుడి ఖర్చు. ఇంట్లో తెలుగు మాట్లాడి, సేఠ్‌తో హిందీ మాట్లాడి, సర్కారు కాగితం ఉర్దూలో చదివిన మనిషి రాత అది. అంకెలు ఒక లిపి, పేర్లు ఒక లిపి. పై వరసలో 'జోగిపేట పద్దు' అని రాసి ఉంది. మిగతా గుమాస్తాలు మనిషి పేరున పద్దు రాస్తే, ఈయన ముందు ఊరి పేరు రాసి, దాని కింద మనుషుల్ని వేసేవాడు. "మనిషి బాకీ పెట్టి పోతడు, ఊరు యాడికి పోతది?" అన్నాడు.

కంది ఇన్ని పల్లాలు అని రాసి, దాని కింద కోతలు. పల్లా అంటే 120 సేర్లు. తరుగు ఇంత, హమాలీ ఇంత, తూచే దడవాయికి ఇంత, అడత్ కమీషను ఇంత, బండి కిరాయి ముందే ఇచ్చింది ఇంత, చివర 'ధర్మం' అని ఒక అణా. ఎవరి ధర్మమని అడిగాను. గుడికో, బడికో, చలివేంద్రానికో పోతుందన్నాడు. రైతు జేబులోంచి పోయి సేఠ్ పేరున బోర్డు వేస్తారు కదా అన్నాను. తాత చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను రాసినోణ్ని బిడ్డా, కోసినోణ్ని కాదు" అన్నాడు. ఆ జవాబు అప్పుడు నాకు నచ్చలేదు, ఇప్పుడూ అంతగా నచ్చదు. కానీ ఆయన ఆ అణాను దాచకుండా రాశాడు. రాయబట్టే నేను అడగగలిగాను.

ఆ పుస్తకంలో రాజ్యాలు మారడం కూడా కనబడుతుంది. మొదటి పేజీల్లో నిజాం హాలీ సిక్కా, పక్కన బ్రిటిషు కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ అని ఆయన అంచున చిన్న లెక్క వేసుకున్నాడు. 1957 ఏప్రిల్ తర్వాత అణాలు పోయి నయాపైసలు వచ్చాయి, ఆ పేజీలో కొట్టివేతలు ఎక్కువ. ఆ పైన సేర్లు పోయి కిలోలు వచ్చాయి. హైదరాబాద్ రాజ్యం పోయిందన్న వాక్యం ఎక్కడా లేదు. ఫసలీ సంవత్సరం రాసే చోట ఇంగ్లీషు సంవత్సరం రావడం మొదలైంది, అంతే. సిరా రంగు కూడా మారలేదు.

ఊరు గురించి కూడా అందులో చాలా ఉంది. ఏ ఏడు జొన్న తక్కువ వచ్చిందో, ఏ ఏడు శనగ గుట్టలు పడ్డాయో, ఏ రైతు పేరు ఆగిపోయి కొడుకు పేరు మొదలైందో, పెళ్లిళ్ల మాసంలో సరుకు రాకముందే అడ్వాన్సులు ఎట్లా పోయాయో. మా ఊరి కరువులకు రెవెన్యూ రికార్డుల్లో దొరకని సాక్ష్యం అది. ఆడవాళ్ల పేర్లు రెండే చూశాను, ఇద్దరూ పద్దు సొంతదారుల భార్యలే, ఇద్దరికీ ముందు 'ముసమ్మాతు' అని ఉంది. చాట పట్టి గింజ చెరిగిన ఆడకూలీల పేర్లు అసలు లేవు, 'చాట' అని ఒక పద్దు ఉంది.

బండ్లు పోయి బస్సులు వచ్చాయి. నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. గౌలిగూడలో ఇనుప రేకుల పెద్ద షెడ్డు బస్టాండు అయింది. జోగిపేట రైతు టాపు మీద బస్తా వేయించి అక్కడ దిగేవాడు, హమాలీ నెత్తిన పెట్టుకుని గంజికి తెచ్చేవాడు. 1994లో మూసీ దగ్గర కొత్త బస్టాండు వచ్చింది. ఆ పాత షెడ్డు 2018 జులైలో కూలిపోయింది. కూలిన మరునాడు చూడ్డానికి వెళ్లాను. బస్సు కోసం ఎదురుచూసిన మూడు తరాల మనుషుల్లో ఎవరూ అక్కడ లేరు, ఇనుము ధర మాట్లాడుకునేవాళ్లు ఉన్నారు.

ఇప్పటి పేట గురించి అడిగారు. అందోల్, జోగిపేట కలిసి మున్సిపాలిటీ అయ్యాయి. 2016 అక్టోబరు నుంచి మెదక్ పోయి సంగారెడ్డి జిల్లా అయింది. సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, పిల్లల భుజాల మీద ల్యాప్‌టాప్ సంచులు కనిపిస్తాయి. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా పోయే 161వ జాతీయ రహదారి వెడల్పయింది. బండ్లు ఊరి అంచున సర్రున పోతాయి, ఊళ్లో ఆగవు. హోటలు నడిపే మా మిత్రుడు, "రోడ్డు బాగైంది, గిరాకీ పాడైంది" అంటాడు.

రైతు పత్తి వేస్తున్నాడు, అది జిన్నింగు మిల్లుకు పోతుంది. వరి వేస్తున్నాడు, అది కొనుగోలు కేంద్రానికి, అక్కణ్నుంచి రైసుమిల్లుకు పోతుంది. రెండింటికీ గంజితో పని లేదు. సింగూరు ప్రాజెక్టు మా పక్కనే, దాదాపు 30 టీఎంసీల జలాశయం. చాలా ఏళ్లు ఆ నీళ్లు మా పొలాల పక్క నుంచి పైపుల్లో హైదరాబాదుకే పోయాయి. మంజీర నీళ్లు తాగిన పట్నంలో జోగిపేట ఎటుందో తెలిసినవాళ్లు తక్కువ. కాలువలు ఆలస్యంగా వచ్చాయి, నలభై వేల ఎకరాలు తడపాలని పెట్టుకున్నారు. నీళ్లొచ్చిన చోట కంది తగ్గి వరి పెరిగింది. పద్దు తిరగబడింది కూడా అక్కడే.

మొన్న పేటలో ఒక కిరాణా కొట్లో కూర్చున్నాను. కొట్టు అమ్మ కందిపప్పు బస్తా విప్పుతోంది. బస్తా మీద నీలి సిరాతో ఒక దుకాణం మార్కు, కింద ఉస్మాన్‌గంజ్. చింతపండు అక్కడిదే, ఎండుమిర్చి, ధనియాలు, సారపప్పు అక్కడివే. "కంది మన దగ్గర పండదా అక్కా?" అన్నాను. "పండుతది, తింటందుకు పట్నంకెల్లి తెచ్చుకుంటం" అంది, నవ్వలేదు. మా సొంత తాత బండి మీద తెచ్చిన కంది ఇక్కడ దిగేది. ఇప్పుడు ఎక్కడిదో కంది ఇక్కడికొచ్చి, పప్పై, టెంపో ఎక్కి జోగిపేట పోతోంది. బాట అదే, ఊళ్లు అవే, బస్తా మొహం మాత్రం ఇటు తిరిగింది. దీన్ని నష్టమనో లాభమనో నేను చెప్పను. రైతుకు ఇవాళ తరుగు, ధర్మం కోత చట్టంలో లేవు, అది చిన్న సంగతి కాదు. కానీ అమ్మే ఊరు కొనే ఊరైతే దానికి పేట అన్న పేరు ఎన్నాళ్లు సాగుతుందన్నది నా అనుమానం.

చివరిగా గంజి కుటుంబాలకు ఒక విన్నపం. మీలో చాలామంది దుకాణాలు తిరగ్గట్టిస్తున్నారు, పిల్లలు కంప్యూటర్లో లెక్కలు రాస్తున్నారు. అటకల మీది బహీలు పాత కాగితాలవాడికి కిలోల లెక్కన పోతున్నాయి. తాత రాసిన వాటిలో నేను చూసింది ఒక్కటే. మిగతావి సున్నం వేయించినప్పుడు పోయాయని ఆ దుకాణంలో చెప్పారు. సదాశివపేట పద్దు, తాండూరు పద్దు, నారాయణఖేడ్ పద్దు ఎవరెవరి అటకల మీద ఉన్నాయో మీకే తెలుసు. అప్పు బాకీల భయం వద్దు, ఆ బాకీలకు కాలం చెల్లి ఎన్నో ఏళ్లయింది. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం సుల్తాన్‌బజారులో ఉంది, ఇక్కణ్నుంచి రిక్షా దూరం. అక్కడ ఇవ్వండి, లేదా ఏ ఊరి పద్దు ఆ ఊరికి పంపండి. జోగిపేట పద్దు తీసుకుపోవడానికి ఆదివారం నేనే వస్తాను, గోనెసంచి కూడా నేనే తెచ్చుకుంటాను.